టిక్కీ ఏ ఊరికి?

"ఇవి ఎక్కడికి బాబాయ్?" అంటే, దబ్బనంతో మిర్చి టిక్కీ (బస్తా) మూతి కుడుతున్నాయన తలెత్తకుండానే "బంగ్లాదేశ్‌కి" అన్నాడు.

పొద్దున నాన్నతో గుంటూరు మిర్చి యార్డులో ఉన్నా. ఘాటుకి కళ్లు మండుతున్నా ఆ మాట దగ్గరే ఆగిపోయాను. మన చేలో కాయ బెంగాల్ సరిహద్దులో పెట్రాపోల్ గేటు దాటి, అవతల బంగ్లాదేశ్‌లోని బేనాపోల్ మీదుగా ఎవరి కూరలోనో పడుతుంది!

2020 జులైలో మన గుంటూరు జిల్లా రెడ్డిపాలెం నుంచి బేనాపోల్‌కి ఎండుమిర్చితో పార్సిల్ రైలు వెళ్లింది, గుర్తుందా? లాక్‌డౌన్‌లో లారీలు సరిగా కదల్లేదు, గూడ్సు బండి కట్టాలంటే ఒకేసారి 1,500 టన్నులకు పైగా సరుకుండాలి, చిన్న వ్యాపారి అంత ఎక్కణ్ణుంచి తెస్తాడు? అందుకే 384 టన్నులకే ప్రత్యేకంగా బండి వేశారు. మన రైల్వే దేశం దాటించిన మొదటి పార్సిల్ రైలు అదే. నాకైతే ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

ఇవాళ మాత్రం కమీషన్ షాపాయన రేటు చెప్పే ముందు "అటు ఆర్డర్లు ఎలా ఉన్నాయి" అని ఎవరికో ఫోన్ చేశాడు. ఆ రెండు నిమిషాలూ నాన్న ఆయన మొహమే చూస్తూ నిలబడ్డాడు. వాన, నల్ల తామర పురుగు, కూలీల బాధ చాలవన్నట్టు ఈ టెన్షన్ కూడా రైతుకే.

కోల్డ్ స్టోరేజీలో ఇంకా నలభై టిక్కీలున్నాయి. రాత్రి టీవీలో ఢాకా అని వినపడగానే నాన్న సౌండ్ పెంచాడు.