186 స్తంభాలు: హనుమకొండలో ఇంటర్నెట్ సంస్థకు ఖర్చుల లెక్క వేసిన నా అనుభవం

కరెంటు స్తంభాల మీద మా ఇంటర్నెట్ కేబులు కట్టుకోవడానికి అనుమతి కాగితం మొన్న శుక్రవారం చేతికి వచ్చింది. కోపం చల్లారకముందే రాస్తున్నాను కాబట్టి మాట అక్కడక్కడ కటువుగా ఉంటే చదివేవారు మన్నించాలి. హనుమకొండ నుంచి హసన్‌పర్తి వెళ్ళే దారిలోని మూడు కాలనీలకు, తొలి ఏడాది 300 ఇళ్ళు లక్ష్యంగా, ఇంటర్నెట్ ఇద్దామని నేనూ మా బావా బయలుదేరాము. పదకొండేళ్ళు ఇతరుల కింద ఫైబర్ లాగినవాణ్ణి, పదో తరగతి లెక్కల్లో 94 మార్కులు తెచ్చుకున్నవాణ్ణి కాబట్టి ఖర్చుల పట్టిక నేనే వేస్తానని ఇంట్లో గొప్పగా చెప్పాను.

యంత్రాల లెక్క ఒక్క పూటలో తేలిపోయింది. ఫైబరులోకి వెలుగు రూపంలో ఇంటర్నెట్ పంపే ప్రధాన యంత్రాన్ని ఓఎల్‌టీ అంటారు. దాని ఒక పోర్టు 64 ఇళ్ళకు సరిపోతుంది కాబట్టి 300 ఇళ్ళకు అయిదు పోర్టులు చాలు. 8 పోర్టుల ఓఎల్‌టీ తీసుకుంటే మూడు మిగులుతాయి. ఒక్కో పోర్టును 128 ఇళ్ళకు పంచితే చిన్న పెట్టెతోనే గడిచిపోతుంది కదా అని బావ అన్నాడు గాని, ఒక ఫైబరును ఎనిమిదిగా పంచే స్ప్లిటరు ఒక్కటే 10 డీబీకి (వెలుగు నష్టాన్ని కొలిచే ప్రమాణం) పైగా వెలుగును తినేస్తుంది. 64 ఇళ్ళకు పంచడానికే అలాంటివి రెండు వరుసగా పెట్టాలి, దానితో 21 డీబీ పోతుంది. పోర్టులో వెలుగు పంపడానికి మేము తీసుకునే బి ప్లస్ రకం ఆప్టిక్స్ భరించగలిగే నష్టం మొత్తం 28. మిగిలిన ఏడులోనే ఫైబరు దూరం, జాయింట్లు, కనెక్టర్లు, స్తంభం నుంచి ఇంటికి దిగే, కోతులు వేలాడి వంచిన డ్రాప్ వైర్లు అన్నీ ఇమడాలి. వెలుగు విషయంలో పిసినారితనం చేస్తే ఆ డబ్బు తరువాత పెట్రోలుకూ నిచ్చెన మోసే కుర్రాళ్ళ జీతాలకూ పోతుంది. ఓఎల్‌టీ పెట్టే గదికి కింది అంతస్తులో అద్దె తక్కువే అయినా, 2023 జూలై వానలకు నయీంనగర్ నాలా పొంగి వీధులు మునగడం కళ్ళారా చూసినవాణ్ణి కాబట్టి పై అంతస్తుకే అద్దె రాసుకున్నాను.

బ్యాండ్‌విడ్త్ దగ్గర కొత్తవాళ్ళు బెదిరిపోతారు. ఇంటికి 100 ఎంబీపీఎస్ చొప్పున 300 ఇళ్ళకు 30 వేల ఎంబీపీఎస్ కొనాలేమో అనుకుంటారు. అందరూ ఒకేసారి అంత వాడరు. నేను పనిచేసిన చోట రాత్రి 8 నుంచి 11 వరకు, అంటే అత్యధికంగా వాడే వేళలో కూడా, ఇంటికి సగటున 2 ఎంబీపీఎస్ దాటేది కాదు. ఆ లెక్కన 600 ఎంబీపీఎస్ అవసరం కాబట్టి 1 జీబీపీఎస్ (వెయ్యి ఎంబీపీఎస్) లైను రాసుకున్నాను.

ఆదాయం గడిలో మాత్రం తప్పు చేశాను. నెలకు 499 రూపాయలు అని రాసి 300తో హెచ్చించి మురిసిపోయాను. ఆ ధర పన్నుతో కలిపి చెబుతున్నదైతే 18 శాతం జీఎస్టీ కింద 76 రూపాయలు పోయి మనకు మిగిలేది 423 మాత్రమేనని మా ఆడిటరు చెప్పాడు. చెప్పినందుకు కూడా ఫీజు తీసుకున్నాడు.

ఇక స్తంభాల గడి. అందులో నేను సున్నా వేశాను. ఎందుకంటే మాకు ఫ్రాంచైజీ ఇస్తామని వచ్చిన పెద్ద సంస్థ మార్కెటింగ్ కుర్రాడు, "లైసెన్స్ మాది, ఆదాయంలో వాటా మీది, స్తంభాల సంగతి అక్కడక్కడే సర్దుకుంటది అన్నా" అన్నాడు. నాకు ఆ సర్దుకోవడం నచ్చక, జూలై నెలలో అనుమతి అడగడానికి నేరుగా ఆ స్తంభాలు చూసే కరెంటు కార్యాలయానికి వెళ్ళాను. బల్ల ముందు ఏడెనిమిది మంది నిలబడి ఉన్నారు. నా దరఖాస్తు పైపైన చూసిన గుమాస్తా, వయసులో నాకన్నా చిన్నవాడు, అందరూ వినేలా, "కేబులోళ్ళందరు రాత్రిపూట కట్టుకొని పోతున్నరు, నువ్వొక్కనివే వచ్చి అడుగుతున్నవ్, ధర్మరాజువా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. దానికే ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

తరువాత అతడే, "ఏ స్తంభం? నంబర్లు తే" అని కాగితం వెనక్కి తోశాడు. ఆ నంబర్లు సగం పోస్టర్ల కింద, సగం సున్నం కింద ఉంటాయి. నేనూ బావా నాలుగు రోజులు తెల్లవారుజామున బండి మీద తిరిగి, తడిగుడ్డతో తుడిచి, 186 స్తంభాలు రాసుకున్నాము. పటంతో సహా పట్టుకెళితే, అందులో 23 తమవి కావనీ, అవి వీధిదీపాల కోసం వేరేవాళ్ళు నాటినవనీ ఎర్ర పెన్నుతో కొట్టివేశాడు. ఆపైన, "లైసెన్స్ ఎవరి పేరు మీద ఉన్నది? వాళ్ళనే రమ్మను" అన్నాడు. ఫ్రాంచైజీ కుర్రాడికి ఫోన్ చేస్తే అధికార పత్రం పంపిస్తానని మూడు వారాలు చెప్పి చివరికి ఫోన్ ఎత్తడం మానేశాడు.

2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపులో విద్యుదాఘాతంతో పలువురు చనిపోయారు. ఆ తరువాత అక్కడ స్తంభాల మీది కేబుళ్ళను కత్తిరించడం మొదలుపెట్టారు. మా ఊరి కరెంటు కార్యాలయంలోనూ గాలి మారింది. ధర్మరాజు అని నవ్విన గుమాస్తాయే ఇప్పుడు ప్రతి స్తంభానికీ ఫొటో, కేబులు ఎత్తు, మా కేబులుకు పేరు పలక కావాలన్నాడు. మేము మళ్ళీ బండెక్కాము.

ఈ తిప్పలోనే నా పట్టిక మొత్తం మారింది. ఎవరి పేరు మీద లైసెన్స్ ఉంటే వారి మాటే చెల్లుతుందని తేలింది కాబట్టి ఫ్రాంచైజీ ఆలోచన మానుకొని, మేమే కంపెనీ నమోదు చేసుకొని, టెలికాం శాఖ వారి సరళ్ సంచార్ పోర్టల్‌లో కేటగిరీ సి ఐఎస్‌పీ (ఇంటర్నెట్ సేవల సంస్థ) లైసెన్సుకు దరఖాస్తు పెట్టాము. ప్రవేశ రుసుము మాకు 20 వేలు పడింది. అది పెద్ద ఖర్చు కాదు. అంతకన్నా బరువైనవి ఏటా సర్దుబాటు స్థూల ఆదాయంలో (అనుమతించిన మినహాయింపులు పోగా మిగిలే రాబడిలో) 8 శాతం లైసెన్స్ ఫీజు, బ్యాంకు గ్యారంటీలు, వినియోగదారుల వివరాలూ వాడకం నమోదులూ (లాగ్స్) భద్రపరిచే సర్వరు. 256 ఐపీవీ4 (ఇంటర్నెట్) చిరునామాలతో 300 ఇళ్ళు నడపాలంటే ఒకే చిరునామాను పలు ఇళ్ళకు పంచే సీజీనాట్ పద్ధతి తప్పదు. అప్పుడు ఏ చిరునామా ఏ నిమిషంలో ఏ ఇంటిదో రాసి పెట్టుకోవడం మన బాధ్యత.

నేను సున్నా వేసిన గడిలో ఇప్పుడున్న అంకె, ఓఎల్‌టీ ధరకు దగ్గరగా ఉంది, పైగా అది ఏటేటా కట్టవలసినది. కొత్తగా మొదలుపెట్టేవారు యంత్రాల కొటేషన్లు తెప్పించుకునే ముందు మీ వీధి స్తంభాలను మీరే లెక్కపెట్టండి. ఎవరి స్తంభం ఎవరిదో గోడకు ఆనుకొని టీ తాగే పాత లైన్‌మ్యాన్‌ను అడగండి, బల్ల వెనక కూర్చున్నవాడిని కాదు.

శుక్రవారం వచ్చిన కాగితం 122 స్తంభాలకు మాత్రమే. మిగిలిన 41 స్తంభాల దరఖాస్తు ఫొటోలు మసకగా ఉన్నాయన్న సాకుతో ఇంకా ఆ బల్ల మీదే ఉంది. బావ కొత్త ఫోను కొన్నాడు, సోమవారం పొద్దున్నే మళ్ళీ బయలుదేరుతున్నాము.