టైమ్ రాయని రిపోర్టు

పడుకుందామంటే ఆ రిపోర్టే కళ్లముందు ఆడుతోంది. మా రొయ్యల గుంటలకి నీళ్లు తోడుకునే క్రీకులో, అదే సముద్రంలో కలిసే పాయలో, సెలినిటీ (నీళ్ల ఉప్పదనం) వెయ్యికి 39 పాళ్లట. తేదీ ఉంది, బాటిల్ నంబరుంది, సంతకం, స్టాంపు కూడా ఉన్నాయి. నీళ్లు ఎన్ని గంటలకి పట్టారో మాత్రం లేదు.

నిన్న అమావాస్య. మా కృష్ణపట్నం వైపు ఆ రోజుల్లో పోటు పొద్దున ఎనిమిది తొమ్మిదికి, మళ్లీ రాత్రి ఇంచుమించు అదే వేళకి. లాబ్ పిల్లాడు వచ్చింది మధ్యాహ్నం రెండు దాటాక, కండలేరు క్రీకులో నీళ్లు తీసేసి ఒడ్డున బురద బయటపడ్డాక. ఎండకి ఆవిరై చిక్కబడ్డ నీళ్లు ఎగువ నుంచి దిగే టైమది. ఫోన్ చేస్తే "టైమ్‌తో పనేముంది మేడం, క్రీకు ఒకటే కదా" అన్నాడు. క్రీకు ఒకటే నాయనా, నీళ్లు ఒకటి కాదు. రోజుకి రెండుసార్లు మారతాయి. ఆ వేళ కూడా రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. ఆ ఒక్క ముక్కా రాస్తే పెన్నులో ఇంకు అయిపోతుందా?

ఈయన సంగతి మీకు తెలిసిందే. 39 చూశాడో లేదో, ఉప్పు తగ్గడానికి గుంటల్లో బోరు నీళ్లు కలుపుదామని ఒకటే టెన్షన్.

ఇసకపల్లి తాతయ్య గుర్తొచ్చాడు. ఉప్పు మళ్లకి నీళ్లు పెట్టే రాత్రుళ్లు లాంతరు పట్టుకుని కాలువ గట్టు మీద కూర్చునేవాడు, పక్కన నేనూ, దోమలూ. పోటు మొదలైనా తూము తీసేవాడు కాదు. "ముందొచ్చేది ఇందాక పోయిన నీళ్లేనమ్మా, ఆగు" అనేవాడు. నిజమే, బయటికి పోయిన మురికే మొదట తిరిగొస్తుంది, సముద్రం నీళ్లు దాని వెనకాల. చివరికి వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని, నా నాలిక మీదా రాసేవాడు. నాకు ఎప్పుడైనా ఉప్పే. ఆయనంత తెలివైనవాడు లేడని అందరికీ చెప్పుకుంటూ వచ్చాను.

కానీ ఇప్పుడు ఇది రాస్తుంటే ఓ అనుమానం. ఉప్పు పండించేవాడికి చిక్కటి ఉప్పు నీళ్లే కదా కావాలి? ఎండాకాలంలో అవి పాటు వేళవే, అంటే నీళ్లు వెనక్కి తీసే వేళవే కదా? అయితే ఆయనకి మోటారు లేదు. గుజరాత్ ఖంభాత్‌లో పోటు పది మీటర్లు లేస్తుందట, మన తీరంలో మీటరుకి అటూఇటూ. అది బాగా ఎక్కితే గానీ నీళ్లు మడిలోకి రావు. ఆయన ఆగింది అందుకేనేమో. మరి నాలిక మీద ఆ చుక్క ఎందుకంటే, నన్ను నిద్రపోనివ్వకుండా అయ్యుంటుంది.

రాత్రి తొమ్మిదిన్నరకి, పోటు మీద, నేనే వెళ్లి క్రీకు నీళ్ల సెలినిటీ చూశాను. 34. నీళ్లు తేటగా ఉన్నాయి. హాయిగా అనిపించింది.

ఈయన వదుల్తాడా! "నవంబరు వానల్లో మంచినీళ్లు తేలికని పైన పరుచుకుంటాయి, ఉప్పు నీళ్లు అడుగున ఉంటాయి. అప్పుడు లోతు కూడా రాయమంటావా?" అన్నాడు. రాయాలి మరి. ఆయన వెటకారానికే అన్నాడు గానీ, లాబ్ వాళ్లకి ఇదీ చెప్పాలి.

రేపు పోటు పదింటికి. మోటారు తొమ్మిదిన్నర దాటాకే వేయమన్నాను. ఎనిమిదికే వేస్తాడు, చూస్తూ ఉండండి.