పెరుగన్నం నచ్చనివాళ్ల తరఫున

చెన్నైలో ఎండలు ముదిరాయంటే ఎవరింటికెళ్లినా ఒకటే మాట: "కాస్త పెరుగన్నం తిను, కడుపు చల్లబడుతుంది." జ్వరమొచ్చినా అదే, ప్రయాణమైనా అదే, పరీక్ష రోజైనా అదే. నాకు పెరుగన్నం నచ్చదు. దాన్ని తిండి దగ్గర పేచీ అంటే ఒప్పుకోను. డబ్బాలో కలిపిపెట్టిన పెరుగన్నంలో నిజంగానే కొన్ని దోషాలున్నాయి. చిన్నప్పటి అలవాటున్నవాళ్లకు అవి తెలియవు, మిగతావాళ్ల నాలుకకు ముందు అవే తగులుతాయి.

తెలుగిళ్లలో పెరుగు భోజనం చివర వస్తుంది. అన్నంలో గడ్డపెరుగు వేసుకుని అప్పటికప్పుడు కలుపుకుంటాం, ఆవకాయ ముక్క నంజుకుంటాం. ఇక్కడి తయిర్ సాదం, అంటే తమిళుల పెరుగన్నం, దారి వేరు. అన్నం మెదిపి, పెరుగు పోసి, తాలింపు పెట్టి గంటల ముందే సిద్ధంగా ఉంచుతారు. గొడవంతా ఆ గంటల్లోనే ఉంది.

పెరుగులోని బ్యాక్టీరియా 40 డిగ్రీల వేడి దగ్గర జోరుగా పెరుగుతుంది. మే నెలలో చెన్నై మధ్యాహ్నం దాదాపు అంతే. పొద్దున 8కి సర్దిన డబ్బా 1కి తెరిస్తే మధ్యలో 5 గంటలు. ఆ వేడిలో పాలు తోడుకోవడానికి సరిపోయే సమయమది. అప్పటికే తోడుకున్న పెరుగును కప్పులకొద్దీ పోసి కలిపితే, తినే వేళకు అది ఇంకా పులిసి వాసన వేస్తుంది. "పెరుగు వాసనే పడదు" అనేవాళ్లలో చాలామందికి పడనిది ఈ పులిసిన వాసన.

అందుకే డబ్బాకు పాలే ఎక్కువ ఉండాలి. 1 గ్లాసు పచ్చి బియ్యానికి (పొన్ని అనే బియ్యంలో ఉప్పుడు రకమూ ఉంటుంది, అది సరిగా మెదగదు) 4 గ్లాసుల నీళ్లు పోసి, కుక్కర్లో 5 విజిల్స్ రానివ్వాలి. వేడి మీదే గరిటెతో మెదిపి, కాచిన పాలు 2 గ్లాసులు పోయాలి. తమిళనాడు పాల సహకార సంస్థ ఆవిన్ అమ్మే నారింజ రంగు పాకెట్‌లో కొవ్వు 6 శాతం, నీలం పాకెట్‌లో 3. నారింజదైతేనే కమ్మదనం వస్తుంది. అన్నం గోరువెచ్చగా అయ్యాక 2 పెద్ద చెంచాల తియ్యటి పెరుగు, చాలినంత ఉప్పు కలపాలి. తొందరపడి వేడన్నంలో పెరుగు వేస్తే విరిగి నీళ్లు ఒకవైపు, పలుకులు ఒకవైపు అవుతాయి. పైగా ఆ వేడికి పెరుగులోని బ్యాక్టీరియా చచ్చిపోతుంది.

కలిపినప్పుడు జావలా, మరీ పలచగా ఉందనిపించాలి. చల్లారేకొద్దీ అన్నం తడి పీల్చుకుని బిగుస్తుంది. పొద్దున ముద్దలా ఉన్నది మధ్యాహ్నానికి గడ్డే. ఫ్రిజ్‌లో పెడితే మెతుకు మరీ గట్టిపడుతుంది. అరగంట ముందు బయటపెట్టి, గోరువెచ్చని పాలు కాసిని పోసి కలపండి.

తాలింపు దగ్గర జరిగే తప్పులు చిన్నవే గానీ నోటికి బాగా తెలుస్తాయి. నెయ్యి చల్లటి పెరుగులో పేరుకుని అంగిలికి అంటుకుంటుంది, నువ్వులనూనె మేలు. పచ్చి అల్లంలోని ఒక ఎంజైము పాలను గడ్డకట్టిస్తుంది, చేదు కూడా తెస్తుంది. నూనెలో వేగితే ఆ గుణం పోతుంది. ఇంగువ పొడి పైన చల్లకూడదు, కాగిన నూనెలోనే పడాలి. ఉల్లిపాయ, కీరా డబ్బాలోకి అసలొద్దు. ఉప్పు తగిలి నీళ్లూరతాయి, ఉల్లి వాసన పెరుగంతా పట్టేస్తుంది. మినప్పప్పు, జీడిపప్పు నాని మెత్తబడతాయి కాబట్టి కరకరలాడేది ఏదైనా విడిగా ఇవ్వాలి. ఊరమిరపకాయలంత బాగా ఇంకేవీ కుదరవు.

ఇంత పద్ధతిగా చేసినా ఆ చల్లటి మెత్తదనమే కొందరికి పడదు. నాకూ పడదు. చలవే కావాలంటే దారి వేరే ఉంది: 1 కప్పు పెరుగుకు 4 కప్పుల నీళ్లు పోసి చిలికి, ఉప్పు, నలిపిన కరివేపాకు, దంచిన అల్లం వేసి, పావుగంటాగి వడకట్టిన మజ్జిగ. అన్నం ఊసే ఉండదు. భోజనం చివర పెరుగు వద్దన్నవాళ్లను బలవంతపెట్టకండి. మరో గరిటె వేడన్నం వడ్డించి, మళ్లీ చారు పోయండి.