పాప మంచం మీంచి పడ్డప్పుడు ఏం చూశాం, ఏం చేశాం

మా పాపకి అప్పుడు ఎనిమిదో నెల నడుస్తోంది. బుచ్చిరెడ్డిపాళెంలో మా అమ్మ వాళ్లింట్లో ఉన్నాం. అప్పుడప్పుడే పాకడం మొదలెట్టింది, ఆ వయసు పిల్లలు రెప్పపాటులో ఎక్కడికి పోతారో పెంచినవాళ్లకి తెలుసు. మంచం మీంచి దొర్లి కడప బండల నేల మీద పడింది. దబ్బుమని శబ్దం, ఆ వెంటనే గుక్కపట్టి ఏడుపు. పడగానే ఏడ్చిందంటే స్పృహ తప్పలేదని అర్థమని తర్వాత డాక్టర్ చెప్పారు గానీ, ఆ నిమిషంలో నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

ఎత్తుకునేసరికే నుదుటి మీద కుడిపక్క బొప్పి పొంగుతోంది, చూస్తుండగానే ఉసిరికాయంత అయింది. మా జేజి కొబ్బరినూనె అరచేతిలో పోసుకుని రుద్దడానికి వచ్చింది. మన ఇళ్లలో అందరూ చేసేది అదే, బొప్పి కట్టగానే అదిమి రుద్దుతారు. లోపల సన్నటి రక్తనాళాలు చితికి రక్తం చేరబట్టే కదా ఆ వాపు, రుద్దితే ఇంకా పెరుగుతుంది. "వద్దు జేజీ" అన్నాను. "మిమ్మల్నందర్నీ ఇట్టాగే పెంచాం కదమ్మా" అంది, కానీ పట్టుబట్టలేదు. నాన్న పాత పంచె గుడ్డలో ఐస్ ముక్కలు చుట్టి ఇచ్చారు. అది ఆనిస్తే పాప చేత్తో తోసేస్తోంది, అందుకని పాలు పడుతూ కాసేపు ఆనించి తీస్తూ వచ్చాను. పాలు తాగింది, అక్కడ కాస్త ఊపిరి పీల్చుకున్నా.

ఆటోలో నెల్లూరు పొగతోటకి వెళ్లి పిల్లల డాక్టర్‌కి చూపించాం. ఆయన పాపని ముట్టుకునే ముందే నన్ను ప్రశ్నల మీద ప్రశ్నలు అడిగారు. ఎంత ఎత్తు నుంచి పడింది, కింద బండలా పరుపా, వెంటనే ఏడ్చిందా, ఎంతసేపటికి ఊరుకుంది, వాంతి చేసుకుందా, మిమ్మల్ని చూసి ఎప్పటిలాగే నవ్వుతోందా. తర్వాత తలంతా వేళ్లతో మెల్లగా తడిమారు, మాడు ఉబ్బిందేమోనని చూశారు, కళ్లలో టార్చి వేసి రెండు కనుపాపలూ ఒకేలా ఉన్నాయా అని చూశారు. పసిబిడ్డ తనకెక్కడ నొప్పో చెప్పలేదు కదా, అందుకే తల్లి చెప్పేదానికి అంత విలువ. బిడ్డ పడితే టైము, ఎత్తు, వాంతులు ఫోన్‌లో రాసిపెట్టుకోండి, టెన్షన్‌లో అన్నీ మరిచిపోతాం.

మా ఆయన ఫోన్‌లో ఒకటే మాట, స్కాన్ తీయించెయ్యమని. డాక్టర్ ఓపిగ్గా చెప్పారు. సీటీ స్కాన్ అంటే ఎదిగే మెదడుకి రేడియేషన్, అవసరమైతే ఒక్క క్షణం ఆలోచించకుండా తీస్తాం, లేకపోతే తీయం అని. అమెరికాలో 42 వేల మందికి పైగా పిల్లల్ని గమనించి 2009లో ప్రచురించిన పద్ధతి ఒకటుంది. దాని ప్రకారం రెండేళ్లలోపు పిల్లలు 3 అడుగుల కంటే ఎత్తు నుంచి పడ్డారా, కాసేపైనా స్పృహ తప్పిందా, మందకొడిగా ఉన్నారా, బొప్పి నుదుటి మీద కాకుండా పక్కనో వెనకో ఉందా, ఎముక విరిగినట్టు చేతికి తగులుతోందా అని చూస్తారు. ఎక్కడ బొప్పి కట్టిందన్నది అంత ముఖ్యమని నాకు అప్పటిదాకా తెలీదు. మా పాపకి వీటిలో ఏదీ లేదు. అయినా 4 నుంచి 6 గంటలు కళ్లముందు పెట్టుకుని చూడాలన్నారు, అక్కడే కూర్చున్నాం.

పడిన బిడ్డని నిద్రపోనివ్వకూడదని అమ్మ భయపడుతూనే ఉంది. నిద్ర టైముకి నిద్రపోతే తప్పు లేదు, లేపితే ఎప్పటిలా లేస్తోందా లేదా అన్నదే చూడాలన్నారు. ఒకటికి రెండుసార్లు వాంతులైనా, ఫిట్స్ వచ్చినా, లేపినా లేవకపోయినా, ఎంత సముదాయించినా ఏడుపు ఆగకపోయినా, ముక్కులోంచో చెవిలోంచో నీళ్లలాగానో రక్తమో కారినా ఇక ఇంట్లో చూస్తూ కూర్చోకూడదు, 108కి ఫోన్ చేసి వెళ్లిపోవాల్సిందే.

నొప్పికి పారాసిటమాల్ రాశారు, పాప బరువు చూసి లెక్కకట్టి. ఇక్కడ ఒక జాగ్రత్త, డ్రాప్స్‌లో మామూలుగా ఒక మిల్లీలీటరుకే 100 మిల్లీగ్రాముల మందు ఉంటుంది, సిరప్‌లో అయితే 5 మిల్లీలీటర్లకి 120 గానీ 250 గానీ ఉంటుంది. సిరప్ కొలతతో డ్రాప్స్ పోస్తే చాలా ప్రమాదం, సీసా మీద చదివే పోయండి.

మర్నాడు పొద్దున చూస్తే బొప్పి తగ్గింది గానీ కుడి కనురెప్ప ఉబ్బి ఉంది. మళ్లీ గుండె జారింది. ఫోటో పంపి అడిగితే, నుదుటి వాపు కిందికి దిగుతోంది, పాలు తాగుతూ ఆడుకుంటోంది కాబట్టి ఫర్వాలేదు, రెండు కళ్ల చుట్టూ నల్లగా కమిలితే మాత్రం వెంటనే తీసుకురండి అన్నారు. అలా ఏమీ కాలేదు, నీలంగా ఉన్నది పసుపుపచ్చగా మారి మెల్లగా పోయింది. చుట్టూ దిండ్లు పెడితే వాటిని ఎక్కి మరీ దిగుతోంది కాబట్టి, ఇప్పుడు మంచం మానేసి నేల మీదే బొంతలు పరిచి పడుకోబెడుతున్నాం.