మూకుడులో రొట్టె, లాగ్‌బుక్‌లో లెక్క

పోయిన మే నెలలో ఒకరోజు నైట్ డ్యూటీ దిగి పొద్దున్న ఆరున్నరకి ఇంటికొచ్చాను. వంటింటి గట్టు మీద గిన్నె, గిన్నె మీద నుంచి పక్కకి జారిన పళ్లెం, గిన్నె అంచున ఎండిపోయిన పిండి చారలు. లోపల నేను బ్రెడ్డు కోసం కలిపిన పిండి పొంగి, పొర్లి, మళ్లీ కుంగి అడుగున బంకలా పడి ఉంది. వంగి వాసన చూస్తే పుల్లబడిన కల్లు.

అమ్మ అప్పటికే లేచి కాఫీ తాగుతోంది. "నీ పిండి రాత్రి ఒంటిగంటకే పొంగిందిరా. మంచినీళ్లకి లేచినప్పుడు చూశాను. ఫ్రిజ్‌లో పెడదామనుకున్నా. నువ్వు ముట్టుకోవద్దన్నావుగా!"

ముట్టుకోవద్దన్న మాట నిజమే. పిండిని పిసక్కుండా, కదపకుండా 18 గంటలు వదిలేయాలని రెసిపీలో ఉంది మరి.

ఆ రెసిపీ నాది కాదు. న్యూయార్క్‌లో సల్లివన్ స్ట్రీట్ బేకరీ నడిపే జిమ్ లేహీది. 2006 నవంబర్‌లో మార్క్ బిట్‌మన్ అనే ఆయన న్యూయార్క్ టైమ్స్‌లోని తన వంట కాలమ్‌లో దాని గురించి రాశాక ఊరూరా పాకింది. పిండి కలిపి వదిలేయడం, మర్నాడు మందపాటి గిన్నెలో మూత పెట్టి కాల్చడం, అంతే. నేను సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్‌ని. వేళాపాళా లేని బతుకు. కలిపేసి డ్యూటీకి వెళ్లొచ్చు అనగానే ఇది నాకోసమే రాశారనిపించింది.

మొదటిసారి సంక్రాంతి ముందు చేశాను. మధ్యాహ్నం ఒంటిగంటకి కలిపి సెకండ్ షిఫ్ట్‌కి వెళ్లిపోయాను. మర్నాడు ఏడింటికి మూత తీస్తే సరిగ్గా 18 గంటలు. పైనంతా బుడగలు, గిన్నె వంచితే తీగలు తీగలుగా సాగుతోంది. కాల్చాక వచ్చిన రొట్టెని ఫోటో తీసి హైదరాబాద్‌లో ఉన్న మా అమ్మాయికి పంపాను. ఓవెన్ కొనిచ్చింది తనే. "నాన్నా, ఇది నువ్వే చేశావా, కొన్నావా?" అంది. నాకు వచ్చేసింది అనుకున్నాను.

వచ్చింది నాకు కాదు, చలికాలానికి.

రెసిపీలో "వెచ్చటి గది" అని ఉంటుంది. ఎంత వెచ్చగా అంటే 70 డిగ్రీల ఫారన్‌హీట్. మన లెక్కలో 21. బెజవాడలో 21 డిగ్రీలంటే మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ మంకీ క్యాప్ పెట్టుకునే వాతావరణం. మే నెలలో రాత్రి తొమ్మిదింటికి మా వంటింట్లో 35 ఉంటుంది. ఆ వేడిలో, పిండిని పొంగించే ఈస్ట్‌కి 18 గంటలెందుకు? నాలుగు గంటల్లో పని ముగించుకుని, తినడానికేమీ మిగలక, నా గిన్నెలో కల్లు కాచి కూర్చుంది.

ఈ సంగతి మనకి తెలియనిదేం కాదు. ఎండాకాలంలో ఇడ్లీపిండి పడుకునే ముందు రుబ్బి బయట పెడితే తెల్లారేసరికి పులుపెక్కిపోతుంది. చలికాలంలో అదే పిండిని దుప్పటి కప్పి బతిమాలాలి. అమ్మ ఏనాడూ గడియారం చూసి పిండి తీసి లోపల పెట్టలేదు. గరిటె పెట్టి చూస్తుంది, వాసన చూస్తుంది. నేనేమో న్యూయార్క్ గంటలు పట్టుకుని కూర్చున్నాను.

ఆ రోజు నుంచి లాగ్‌బుక్ మొదలుపెట్టాను. డ్యూటీలో గంటగంటకీ వోల్టేజి, లోడు, ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ టెంపరేచర్ రాయడం అలవాటేగా. పాత డైరీలో గళ్లు గీసి గది వేడి, నీళ్లు, ఈస్ట్, కలిపిన టైము, పొంగిన టైము రాస్తున్నాను. చివర రిమార్క్స్ కాలమ్. మా ఆవిడ నవ్వింది గానీ, ఇప్పుడు గిన్నె పక్కన థర్మామీటర్ లేకపోతే తనే అడుగుతోంది.

డైరీలో తేలిన లెక్కలు ఇవి. మైదా 400 గ్రాములు, ఉప్పు 8 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్ట్ పావు టీస్పూను. అసలు రెసిపీలో నీళ్లు 300 గ్రాములు. అక్కడ వాడేది బ్రెడ్డు కోసమే ఆడించిన, ప్రోటీన్ ఎక్కువున్న పిండి. మన కిరాణా కొట్టు మైదా మెత్తటిది, అన్ని నీళ్లు మోయలేదు. 300 పోస్తే బజ్జీల పిండి అయింది. తగ్గించుకుంటూ వచ్చి 270 దగ్గర ఆగాను. గరిటెతో కలిపితే ముద్దవుతుంది కానీ చేత్తో పట్టుకుంటే అంటుకుంటుంది, ఆ పదును కావాలి. నీళ్లు మాత్రం కొలవకండి, తూచండి. గ్లాసులతో కొలిచిన మూడుసార్లూ మూడు రకాలుగా వచ్చింది.

జనవరిలో 15 నుంచి 18 గంటలు. వానాకాలంలో పదీ పన్నెండు. మే నెలలో ఈస్ట్ సగానికి తగ్గించి, ఐసునీళ్లతో కలిపి, గంటన్నర బయట ఉంచి ఫ్రిజ్‌లోకి తోసేయడమే. తెల్లారాక తీసి గంట బయట పెడితే లేస్తుంది. గోధుమపిండి నాలుగో వంతు వరకు కలపొచ్చు, అప్పుడు ఇంకో 20 గ్రాముల నీళ్లు అడుగుతుంది. మొత్తం గోధుమపిండితో చేసినది తలుపుకి అడ్డం పెట్టుకోవడానికి పనికొచ్చింది.

పిసక్కుండా ఎలా సాగుతుందని అమ్మకి చెప్పబోయాను. మైదాలో గ్లయడిన్, గ్లూటెనిన్ అని రెండు ప్రోటీన్లుంటాయి. తడి తగలగానే అవి ఒకదాన్నొకటి పట్టుకుని గ్లూటెన్ అవుతాయి. పిసకడం ఆ పనిని తొందరపెట్టడమే. నీళ్లు ఎక్కువుండి, టైమిస్తే ఆ అల్లిక దానంతటదే జరుగుతుంది, ఈస్ట్ వదిలే గ్యాస్ లోపల్నుంచి పిండిని మెల్లగా సాగదీస్తుంది. సగంలోనే అమ్మ ఆపేసింది. "బొబ్బట్లకి తోపు పిండి నానబెట్టమూ? ఉదయం సాగనిది మధ్యాహ్నానికి రేకులా సాగుతుంది. దానికింత కథెందుకు?"

ఇక గిన్నె. అక్కడ వాళ్లు వాడే బరువైన మూత గిన్నె ఇక్కడ వేలల్లో ఉంది. నేను మందపాటి సత్తు గిన్నెతో మొదలుపెట్టాను. గిన్నె ఖాళీగా ఓవెన్‌లో 230 డిగ్రీల దగ్గర అరగంట కాగాలి. పావుగంటకి ఒక వాసన వచ్చింది. ఆ వాసన నాకు బాగా తెలుసు. ప్యానెల్ బోర్డు దగ్గర వస్తే మేం పరిగెత్తేది దానికే. మూత పిడి బేకలైట్‌ది, పాత స్విచ్చులకి వాడే గట్టి ప్లాస్టిక్‌ది! ముప్పై ఏళ్లుగా కరెంటు పని చేస్తూ కూడా అది చూసుకోలేదు. ఇంటి నిండా పొగ, మా ఆవిడ కిటికీలు తీస్తూ అన్న మాటలు లాగ్‌బుక్‌లో రాయలేదు.

అప్పుడు అమ్మ అటక మీద నుంచి దించమన్నది దిబ్బరొట్టె మూకుడు. పోత ఇనుముది, మా అమ్మమ్మ వాళ్లది. భీమవరం దగ్గర వాళ్ల ఊళ్లో కుంపటి మీద ఈ మూకుడు పెట్టి, మినప్పిండి పోసి, మూత మీద నాలుగు నిప్పులు వేసేవారట. కిందా పైనా వేడి, ఆవిరి బయటికి పోదు. నేను ఇంటర్నెట్‌లో చదువుకున్నది సరిగ్గా ఇదే. మూత ఉన్నంతసేపూ పిండిలోంచి వచ్చే ఆవిరి పైపొరని మెత్తగా ఉంచుతుంది, రొట్టె పూర్తిగా ఉబ్బుతుంది. అరగంటయ్యాక మూత తీస్తే పొర ఆరి, ఎర్రబడి, గట్టిపడుతుంది. ఇంకో 20 నిమిషాలు. మూకుడు పాత మూత పోయింది కాబట్టి పిడి లేని ఇనప పెనం బోర్లించాను.

పొంగిన పిండిని పొడి పిండి చల్లిన గట్టు మీదికి వంచే ఘట్టం ఒకటుంది. గిన్నెకి అంటుకుని రానంటుంది. చేతులు తడి చేసుకుని అంచుల నుంచి వదిలించాలి. కిందికి దిగేటప్పుడు లోపల పొరలు వలలా సాగి, ఒక్కో బుడగా చిట్లుతుంది. నాలుగు వైపులా లాగి మధ్యకి మడిచి, బేకింగ్ కాగితం మీద బోర్లించి, బట్ట కప్పి వదిలేస్తాను. ఇదివరకు గంటన్నర ఉంచేవాణ్ని, ఎండాకాలంలో 40 నిమిషాలు చాలు. వేలితో నొక్కితే గుంట మెల్లగా పూడాలి. గభాల్న పూడితే ఇంకా టైముంది, అసలు పూడకపోతే ఆలస్యం చేశామని. తర్వాత కాగితం మీదే ఎత్తి, కాలుతున్న మూకుడులోకి దించడం. ఇక్కడ మణికట్టు దగ్గర ఒకసారి చురుక్కుమంది, మచ్చ ఇంకా ఉంది.

మొన్న ఆగస్టులో రొట్టె లోపల పెట్టిన 20 నిమిషాలకి కరెంటు పోయింది. పోయిన రెండో నిమిషంలో పక్కింటాయన ఫోను, "ఏమండీ, ఎప్పుడొస్తుంది?" అని. ఆయనకి ఏం చెప్పానో గుర్తులేదు, నా చూపంతా ఓవెన్ మీదే. తలుపు తీయలేదు. మూకుడు బరువు నాలుగు కిలోల పైనే, అంత తొందరగా చల్లారదు. అరగంటకి వచ్చింది. పైన రంగు తక్కువైంది గానీ లోపల ఉడికింది. ఖర్చంటారా, మాది 1500 వాట్ల ఓవెన్, కాగడంతో కలిపి గంటా 20 నిమిషాలు. ఆగకుండా వెలిగినా రెండు యూనిట్లు.

బయటికి తీసి జాలీ మీద పెట్టాక చెవి దగ్గర పెడితే చిటపటమంటుంది. పైపొర చల్లారుతూ పగిలే చప్పుడు. గంటైనా ఆగి కోయాలి, లేకపోతే లోపల బంకగా ఉంటుంది. ఆ గంట ఆగడమే మా ఇంట్లో ఎవరి వల్లా కావడం లేదు.

మొదటి రొట్టె చూసి అమ్మ అడిగిన ప్రశ్న, "ఇంట్లో ఎవరికైనా జ్వరమా?" ఆవిడ లెక్కలో బ్రెడ్డంటే డాక్టరు చెప్తే పాలలో ముంచుకు తినేది. ఇప్పుడు అంచు ముక్క ఎవరికీ ఇవ్వదు. కరకరలాడేది కావాలంటుంది, పళ్లు లేవని గుర్తు చేస్తే వేడి పప్పుచారులో ముంచుతానంటుంది. రిమార్క్స్ కాలమ్ కూడా ఆవిడదే అయిపోయింది. ఆవిడ చెప్తుంది, నేను రాస్తాను.

నిన్నటి ఎంట్రీ: గది 31. మైదా 400, నీళ్లు 270, ఈస్ట్ చిటికెడు. రాత్రి 9.10కి కలిపాను, పొద్దున్న 6.40కి పొంగింది. మూతతో 30, మూత లేకుండా 22 నిమిషాలు. రిమార్క్స్: అడుగు మాడింది. ఉప్పు చాల్లేదు.