దిక్సూచి ముల్లు

పొద్దున బకెట్ ఎత్తబోతే నడుము పట్టేసింది. పిల్లాడికి బాక్స్ సర్ది ఎలాగో బడికి పంపి, నిరుడు డాక్టరు రాసిచ్చిన బెల్టు బిగించుకుని మంచమెక్కాను. పడుకుని ఫోన్‌లో పాతకాలం ప్రకటనలు చూస్తుంటే డాక్టర్ స్కాట్ ఎలక్ట్రిక్ కార్సెట్ కనబడింది.

1880ల నాటిది. న్యూయార్క్‌లోనూ లండన్‌లోనూ అమ్మారు. ఆడవాళ్లు ఛాతీ నుంచి తుంటి దాకా తాళ్లతో బిగించి కట్టుకునే లోదుస్తు అది. పేరుకే ఎలక్ట్రిక్, లోపల తీగ లేదు, బ్యాటరీ లేదు. నిలువునా కుట్టే ఉక్కు బద్దలకు అయస్కాంత శక్తి ఎక్కించారంతే. వెన్నునొప్పి, అజీర్తి, కీళ్లవాతం, అన్నిటికీ అదే మందట. పెట్టెలో వెండిపూత పూసిన చిన్న దిక్సూచి కూడా పంపేవారు. కార్సెట్ దగ్గర పెడితే ముల్లు తిరుగుతుంది. ఉక్కులో అయస్కాంతం ఉంది కాబట్టి తిరుగుతుంది, దానికీ నడుంనొప్పికీ ఏ సంబంధమూ లేదు. కానీ కళ్లెదుట ముల్లు కదిలితే నొప్పితో ఉన్న మనిషి నమ్మకుండా ఎలా ఉంటుంది? నేనైతే నమ్మేదాన్ని.

లండన్ ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో హార్నెస్ అనే ఆయన ఇలాంటి బెల్టులూ కార్సెట్లూ అమ్మాడు. 1890ల్లో పత్రికలు బండారం బయటపెట్టాక ఆ కంపెనీ మూతపడింది. నాకు కోపం తెప్పించింది ఆ మోసం ఒక్కటే కాదు. బిగుతు కార్సెట్ పక్కటెముకల్ని నొక్కి ఊపిరి సరిగా ఆడనివ్వదు. ఆయాసపడి నీరసించిన మనిషికి మళ్లీ కార్సెట్టే చికిత్స అని అమ్మారు. అమెరికాలో వార్నర్ సోదరులు, ఇద్దరూ డాక్టర్లే, ఆ చేటు గమనించి 1874లో కాస్త వదులుగా వంగే ఆరోగ్య కార్సెట్ తెచ్చారు. వాళ్లు కూడా కార్సెట్ మానేయమనలేదు, ఇంకోటి కొనమన్నారు.

ఆ రోజుల్లో ఆడవాళ్ల బాధల్లో చాలావాటికి డాక్టర్లు హిస్టీరియా అని పేరు పెట్టేసేవారు. ప్రకటన మాత్రం ఒక్కో నొప్పినీ పేరుపేరునా అడిగింది. అందుకే కొన్నారనిపిస్తుంది. కాన్పయ్యాక ఎనిమిది నెలలు నడుంనొప్పి అని నేను చెబితే "అందరికీ ఉండేదేనమ్మా" అని పంపేశారు. అప్పుడు నా నొప్పి గురించి ఎవరైనా వివరంగా అడిగి ఉంటే, వాళ్లు ఏం అమ్మినా కొనేదాన్ని.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసి "నడుం ఎలా ఉందే?" అంది. తగ్గిందని చెప్పలేదీసారి. బెల్టు విప్పితే పొట్ట మీద దాని అంచులు ఎర్రగా అచ్చు పడి ఉన్నాయి. రేపు ఫిజియో దగ్గరికి వెళ్లాలి. నొప్పి ఎప్పుడెప్పుడు, ఎక్కడ వస్తోందో కాగితం మీద రాసి పర్సులో పెట్టుకున్నాను.