లారీ బ్యాటరీ, మైలుతుత్తం, బీరువా తాళంచెవి

మన బడి పాత విద్యార్థుల సావనీర్‌కి రెండు పేజీలు రాసిమ్మని కమిటీ వాళ్లు గ్రూపులో మెసేజ్ పెడితే చూడనట్టే ఊరుకున్నాను. నీలం టిక్కులు పడ్డాయని మన ప్యూను ఫోన్ చేశాడు. "నువ్వు రాయకపోతే ఆ పేజీలో నీ పదో క్లాసు ఫోటో వేస్తాం" అన్నాడు. ఆ ఫోటో సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

గోడ దూకుళ్లు, బ్యారేజీ మీద సైకిళ్ల పందెం, తెలుగు మేడం గారి వంకాయ పద్యం ఎలాగూ మిగతావాళ్లు రాస్తారు. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఏం చదివామో నాకైతే ఒక్క ముక్క గుర్తులేదు. గుర్తున్నది పి.ఎస్. మాస్టారు, విద్యుద్విశ్లేషణ పాఠం, అంటే ద్రావణంలోంచి కరెంటు పంపి పదార్థాన్ని విడగొట్టడం, లోహానికి పూత వేయడం. అదీ ఆయన చెప్పిన పద్ధతి వల్ల.

ఆ రోజు మాస్టారు సైకిల్ క్యారియర్‌కి న్యూస్‌పేపరు పొట్లం కట్టుకుని వచ్చారు. అందులో మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్. సున్నంతో కలిపి బోర్డో మిశ్రమంగా తోటలకు కొడతారే, అదే. వన్‌టౌన్‌లో సొంత డబ్బు పెట్టి కొన్నారు. ల్యాబ్ బీరువాలో కాపర్ సల్ఫేట్ సీసా ఉంది కానీ తాళంచెవి హెచ్.ఎం. గారి సొరుగులో ఉంది. ఆ సొరుగు తెరుచుకోవడం మనలో ఎవరైనా చూశారా?

కరెంటు కోసం మన లారీ గాడు వాళ్ల నాన్న షెడ్డు నుంచి బ్యాటరీ దించాడు. ఆటోనగర్ నుంచి బడి దాకా రిక్షాలో దానికి తోడుగా కూర్చుని వచ్చాడు, పెళ్లికొడుకులాగా. మాస్టారు ముందు ఆ బ్యాటరీ మూతలే విప్పి చూపించారు. ఛార్జింగ్ పెట్టినప్పుడు లోపల బుడగలొస్తాయి, అవి నీళ్లు విడిపోయి వచ్చే హైడ్రోజన్, ఆక్సిజన్, అందుకే మీ నాన్న అందులో అప్పుడప్పుడూ డిస్టిల్డ్ వాటర్ పోస్తాడు అన్నారు. లారీ గాడి మొహం చూడాలి అప్పుడు. వాళ్లింట్లో రోజూ జరిగేది పుస్తకంలో పాఠమని వాడికెవరూ చెప్పలేదు.

బీకరులో మైలుతుత్తం కలిపిన నీలం ద్రావణం పోసి, మొదట ఒక ఇనుప మేకు ఊరికే ముంచారు. వైర్లు తగిలించలేదు. క్షణాల్లో మేకు ఎర్రబడింది. "కరెంటు లేకుండానే పూత పడింది సార్!" అని వెనక బెంచీ అంతా అరిచింది. మాస్టారు మేకు పైకి తీసి బొటనవేలితో ఒక్క రుద్దు రుద్దారు. ఎరుపంతా వేలికి వచ్చేసింది. ఇనుము తాను కరిగి, ఆ చోట రాగిని వదిలిపెడుతుంది. ఆ రాగి గట్టిగా పట్టుకుని కూర్చోదు. అందుకే నెమ్మదిగా, మన చెప్పుచేతల్లో ఉండే కరెంటు కావాలని చెప్పారు.

తర్వాత రాగిరేకును బ్యాటరీ ప్లస్‌కి కట్టారు. అది ఆనోడ్. పూత పడాల్సిన వస్తువు మైనస్‌కి. అది కాథోడ్. ద్రావణంలోని రాగి అయాన్లు (విద్యుదావేశం ఉన్న రాగి కణాలు) కాథోడ్ దగ్గరికి వెళ్లి, చెరి రెండు ఎలక్ట్రాన్లు తీసుకుని లోహంగా మారి అంటుకుంటాయి. ఇటు ఆనోడ్ రేకులోంచి అంత రాగీ ద్రావణంలోకి దిగుతుంది. అందుకే ఎంతసేపైనా నీలం రంగు తగ్గదు. రేకు తీసేసి, పాత టార్చి సెల్లులోంచి ఊడబీకిన కార్బన్ కడ్డీ పెడితే కథ మారిపోయింది. ఆనోడ్ దగ్గర ఆక్సిజన్ బుడగలు మొదలయ్యాయి, ద్రావణం రంగు పలచబడుతూ వచ్చింది. అది ఎందుకని అడిగితే క్లాసులో ఒక్కరే చేయి ఎత్తారు, ఎవరో మీకు తెలుసు, ఇప్పుడు అమెరికాలో ఉంది.

పూత వేయడానికి వస్తువేదీ? అసలు తమాషా ఇక్కడే. మాస్టారు నేరుగా హెచ్.ఎం. గదిలోకి వెళ్లి, ప్రయోగానికని చెప్పి, బీరువా ఇత్తడి తాళంచెవి పట్టుకొచ్చారు. చింతపండుతో తోమించి, కడిగించి, వెండి కొట్టు వాళ్లబ్బాయి తెచ్చిన చిన్న త్రాసులో తూయించారు. బోర్డు మీద లెక్క వేశారు. ఒక ఆంపియరు అరగంట పారితే 1,800 కూలుంబులు (పారిన మొత్తం కరెంటుకి కొలత). 96,500 కూలుంబులకు రాగి 31.75 గ్రాములు. కాబట్టి మన తాళంచెవి 0.59 గ్రాములు బరువెక్కాలి.

అరగంట ఆగాలి కదా. ఆ ఖాళీలో ఫారడే కథ చెప్పారు. పద్నాలుగేళ్లకి లండన్‌లో బైండింగ్ షాపులో పనికి కుదిరి, బైండు చేసిన పుస్తకాలే చదువుకుని, 1830లలో ఈ లెక్కలకు మూలమైన సూత్రాలు చెప్పాడట. గవర్నర్‌పేటలో బైండింగ్ షాపున్న మనవాడు ఆ వారమంతా నేల మీద నడవలేదు. ఇంకో కథ అల్యూమినియందీ. ఒకప్పుడు అది బంగారంతో పోటీపడే లోహం. 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్స్‌లో హెరూ, ఒకరి సంగతి ఒకరికి తెలీకుండా, కరిగిన క్రయోలైట్ అనే ఖనిజంలో అల్యూమినాను (అల్యూమినియం ఆక్సైడ్‌ను) కలిపి కరెంటు పంపి లోహం తీశారు. ఇద్దరూ 1863లో పుట్టారు, ఇద్దరూ 1914లో పోయారు. ఇదంతా చెప్పి మాస్టారు ముందు బెంచీ రామలక్ష్మణుల వైపు తిరిగి, "వాళ్లు వేరు వేరు దేశాల్లో కూర్చుని ఒకే జవాబు రాశార్రా. మీలా పక్కపక్కన కూర్చుని కాదు" అన్నారు.

ఆ నవ్వుల్లో కరెంటును పెంచే, తగ్గించే రియోస్టాట్‌ని ఎవరో జరిపేశారు. ఎవరో చెప్పను. ఆయనే ప్రస్తుతం కమిటీ ట్రెజరర్. కరెంటు కొలిచే ఆమ్మీటరు ముల్లు మూడు ఆంపియర్లు దాటింది. తాళంచెవి పైకి తీస్తే మెరుపు లేదు, గరుకుగా, ముదురు గోధుమరంగు పొడి. సగం పొడి బీకరు అడుగునే ఉంది. కరెంటు మితిమీరితే రాగి తొందరగా వచ్చి పడుతుంది కానీ కుదురుగా పేరుకోదు. "లెక్క తేలిందా?" అన్నారు మాస్టారు. తేలలేదు. మర్నాడు మళ్లీ తోమి, మళ్లీ తూచి, రియోస్టాట్ దగ్గర తానే కూర్చుని చేయించారు. రేకు తగ్గిందీ, తాళంచెవి పెరిగిందీ ఇంచుమించు సరిపోయాయి. కొత్త రాగి బిందె రంగులో తళతళలాడే తాళంచెవిని పళ్లెంలో పెట్టి హెచ్.ఎం. గారికి అప్పగించాం.

అది తాళంలో దూరింది కానీ తిరగలేదు. రెండు పూతలు పడేసరికి లావెక్కింది. హెచ్.ఎం. గారు అన్న మాటలు సావనీర్‌లో అచ్చు వేయరు. మన ప్యూను ఆకురాయి పెట్టి మధ్యాహ్నమంతా అరగదీశాడు. వాడికి ప్యూను అన్న పేరు వచ్చింది ఆ రోజే.

ఇంటర్, పాలిటెక్నిక్, ఊరూరా ఉద్యోగాలు వదిలేద్దాం. ఆటోనగర్‌లో నాది ప్లేటింగ్ షాపు. బంపర్లు, బుల్లెట్ బండ్ల సైలెన్సర్లు, ఆసుపత్రి మంచాల రాడ్లు వస్తాయి. బఫింగ్, యాసిడ్ డిప్, నికెల్ తొట్టి, క్రోమ్ తొట్టి వరసగా ఉంటాయి. మీ బండి మీద మెరుపు క్రోమ్‌ది అనుకుంటారు గానీ, క్రోమ్ పొర మైక్రాన్‌లో (మిల్లీమీటరులో వెయ్యో వంతులో) కొంత భాగమే. తుప్పును ఆపే బరువంతా కింద ఉన్న నికెల్‌ది. కొత్తగా చేరిన కుర్రాడికి నేను మొదట నేర్పేది మైలుతుత్తంలో మేకు ముంచి రుద్దించడమే. మర ఉన్న బోల్టు వస్తే పూత మందం ఎంత కావాలో ముందే అడిగి రాసుకుంటాను. ఎందుకో మీకు తెలుసు. విషం ఎక్కువుండే హెక్సావాలెంట్ క్రోమ్ వదిలేసి, అంత ప్రమాదం లేని ట్రైవాలెంట్‌కి మారాను. ఖర్చు ఎక్కువే, కానీ కుర్రాళ్ల చేతులకు, మురుగునీటికి భయం తగ్గింది. మా షాపులో పనిచేసి బయటికి వెళ్లినవాళ్లు సొంత తొట్లు పెట్టుకున్నారు. నాకు పోటీ వాళ్లే.

షాపు తెరిచిన రోజు మాస్టారు సత్యనారాయణపురం నుంచి వచ్చారు, ఆ సైకిల్ మీదే. కొబ్బరికాయ కొట్టడం అయ్యేదాకా కూడా ఆగలేదు. గోడకి ఆనించిన బంపర్ దగ్గరికి వెళ్లి బొటనవేలితో గట్టిగా రుద్దారు. వేలు చూసుకున్నారు. ఏమీ అనలేదు. టిఫిన్ ప్లేటు అందుకుని పక్కన కూర్చుని, "నికెల్ తొట్టిలో ఎన్ని ఆంపియర్లు పెడుతున్నావురా?" అని మొదలుపెట్టి, అక్కడి నుంచి గంటసేపు లెక్కలే. మా ఆవిడ ఈ రోజుకీ ఆయన్ని ఇన్‌కమ్‌ట్యాక్స్ వారే అంటుంది.

గ్రూపులో పెట్టిన మొమెంటోల కొటేషన్ చూశాను. ఆ రేటుకి వచ్చేది గిల్టు పూత. ఆరు నెలల్లో నల్లబడుతుంది. ఖాళీ ఇత్తడి షీల్డులు తెచ్చి నాకు పడేయండి, నికెల్ వేసి ఇస్తాను, డబ్బులొద్దు. ట్రెజరర్ గారు మాత్రం లెక్కలు ఫోన్‌లోనే మాట్లాడుకోవాలి, తొట్లకు కరెంటు ఇచ్చే రెక్టిఫైయర్ ఉన్న గదిలోకి రానివ్వను.